పసినోట ధ్వనుల ఆట

ఉత్తర తెలంగాణమున బిడ్డకు చదువు మొదలిడవలెనని తలచిన తల్లిదండ్రులు గోదావరి తీరమునందలి బాసరకు పోయి, సరస్వతీ సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల నుండియే గాక, సరిహద్దున కావలనున్న మహారాష్ట్రము నుండియు బిడ్డల నెత్తుకొని వచ్చువారు పలువురు. ఆనాటితో బిడ్డకు విద్య ప్రారంభమైనదని మన మందుము. కాని ఆ అక్షరమునకు ప్రాణమైన ధ్వని బిడ్డ చెవిని చేరి అప్పటికే మూడు నాలుగేండ్లు గడచియుండును. వ్రాతకు పలక యెట్టిదో, మాటకు వీనులును, పెదవులును, నాలుకయు అట్టివి. వానికి జరుగవలసిన అభ్యాసము గుడిలో గాని బడిలో గాని మొదలు కాదు, తొట్టెలలో మొదలగును. ఆ అభ్యాసమునకు తల్లులు అనాదిగా వాడుచున్న సాధనము ధ్వన్యనుకరణము. కాకి కావుకావుమనుట, లేగ అంబాయనుట, గంట గణగణమ్రోగుట మొదలగు ధ్వనులను బిడ్డతో గూడి పలుకు ఆటలను గూర్చియు, అవి మాటకు సోపానములగు విధమును గూర్చియు ఈ ప్రసంగమున మేము ముచ్చటింపదలచితిమి.

ముందుగా బిడ్డ చెవి సంగతి తెలిసికొందము. గర్భమున నున్న శిశువు ఆరవ నెల దాటిన పిమ్మట ధ్వనులను వినజాలును. 1980లో అమెరికాయందు డెకాస్పర్, ఫైఫర్ అను పరిశోధకు లొక పరీక్ష జరిపిరి. పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు తాము చప్పరించు తీరును మార్చుకొని, పరస్త్రీ కంఠమునకు మారుగా తల్లి కంఠమునే మిక్కిలిగా వినిపింపజేసికొనిరి. తల్లి పలుకు వారికి అప్పటికే పరిచితమన్నమాట. రెండవ నెలలో శిశువు ఊఁ, ఆఁ అని కూయ నారంభించును. ఆరు మొదలు పది నెలల నడుమ బబబ, దదద, మమమ అని అక్షరములను గొలుసు కట్టును. ఏడాది నిండు తరుణమున అర్థముతో గూడిన తొలిమాట వెలువడును. రెండవ యేడు పూర్తియగునప్పటికి రెండు మాటలను జోడించును. ఈ కాలములు ఉజ్జాయింపులు మాత్రమే. ఒక బిడ్డ కొంత ముందును, ఒక బిడ్డ కొంత వెనుకను నడుచుట సహజము.

ఈ నడకకు వినికిడియే ఆధారమని చూపు నిదర్శన మొకటి కలదు. 1988లో ఓలర్, ఐలర్స్ అనువారు, పుట్టుకతో చెవుడు గల శిశువులు బబబ, దదద యను గొలుసు పలుకులను చాల ఆలస్యముగా ప్రారంభింతురని తెలిపిరి. అనగా శిశువు తన గొంతును తాను విని, ఇతరుల గొంతును విని, రెంటిని పోల్చి చూచుకొనుచు ముందునకు సాగుచున్నది. 1996లో పాట్రిషియా కూల్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనువారు మూడు మొదలు ఐదు నెలల శిశువులకు ఆ, ఈ, ఊ అను అచ్చులను పలుకు ముఖమును చూపగా, వారి కూతలు క్రమముగా ఆ యచ్చులను పోలసాగినవి. మాట రాకముందే అనుకరణము వచ్చునని దీనివలన తేలుచున్నది.

బిడ్డ నోట మొదట పెదవుల ధ్వనులే యేల వచ్చును? నాలుకను వెనుకకు మడచి పలుకుట కంటె పెదవులను మూసి తెరచుట సులభము. అది కంటికి కనబడునది కూడ. రోమన్ యాకబ్సన్ అను భాషావేత్త 1960లో ప్రకటించిన వ్యాసమున, పాలు గుడుచునపుడు పెదవులు మూతబడి యుండగా ముక్కు గుండ వెలువడు ‘మ్’ అను ధ్వనియే లోకమునందలి పెక్కు భాషలలో తల్లిని పిలుచు మాటకు మూలమై యుండునని వాదించెను. మన ప్రాంతపు ఇండ్లలో వినబడు అమ్మ, అవ్వ, బాపు, బాపమ్మ యను పిలుపులను తలచుకొనుడు; అన్నియు పెదవులపై ఆడునవే. బువ్వ యను మాటయు అట్టిదే. జోజో, లాల, జేజే, బూచి మొదలగు శిశుభాషాపదములలో ధ్వని తేలిక, అర్థము దగ్గర. పెద్దలు బిడ్డ స్థాయికి దిగివచ్చి కట్టిన మెట్లు ఇవి.

ఇట్టి శిశుభాష మన కొక్కరికే లేదు. ఛార్లెస్ ఫెర్గూసన్ 1964లో ఆరు భాషలందలి శిశుభాషను పోల్చి చూపెను. ఆ యారింటిలో మన పొరుగువారి మరాఠీ యొకటి. ఆదిలాబాదు సీమలో మరాఠీ మాటాడు ఇండ్లలో కాకి ‘కావూ’ యనియు, పిచ్చుక ‘చివూ’ యనియు, కుక్క ‘భూభూ’ యనియు ముద్దుపేర్లు పొందును. తెలుగింట కోడి కొక్కొరోకో యని కూయగా, ఉర్దూ మాటాడు ఇంట కుకడూకూ యని కూయును. మరాఠీ యింట కుకూచకూ యనును. కోడి యొక్కటే, కూత యొక్కటే. వినెడి చెవి భాషను బట్టి మారినది. కావున అనుకరణ శబ్దము ప్రకృతి ధ్వనికి అచ్చుగ్రుద్దినట్టి ప్రతి కాదు. అది అప్పటికే భాష తన మూసలో పోసిన మాట. బిడ్డ కొక్కొరోకో యన్నపుడు కోడిని మాత్రమే అనుకరించుట లేదు, తెలుగును అనుకరించుచున్నది.

ఈ విషయమున భారతీయ భాషలకు గల సంపద యపారము. గలగల, కిలకిల, జలజల, చిటపట, దబదబ, టకటక మొదలగు జంట పదములు తెలుగునందు లెక్కకు మిక్కిలి. కొలామీ భాషపై 1955లో గ్రంథము ప్రకటించిన ఎమెనో పండితుడు 1969లో అనుకరణ శబ్దములపై ప్రత్యేకముగా వ్యాసము వ్రాసి, ఈ జంట పదములు ద్రావిడ భాషలకును, ఉత్తరాది ఆర్య భాషలకును ఉమ్మడి సొత్తని నిరూపించెను. మన భాష ధ్వనిని మాత్రమే గాక, తళతళ, మిలమిల యని వెలుగును, గరగర యని స్పర్శను, విలవిల యని బాధను సైతము ఈ మూసలోనే పోసినది. ఇట్టి పదములు జపాను భాషలోను మెండు. ముత్సుమి ఇమాయి యను విదుషీమణియు ఆమె సహచరులును 2008లో అచటి మూడేండ్ల పిల్లలకు క్రొత్త క్రియాపదములను నేర్పి చూచిరి. నడక తీరును ధ్వనిలోనే స్ఫురింపజేయు పదములను పిల్లలు తేలికగా గ్రహించి, వేరొకరు అట్లే నడచినపుడు సరిగా అన్వయించిరి. ధ్వనికిని అర్థమునకును నడుమ వంతెన యున్నచో పసిబుద్ధి సులువుగా దాటునని దీని తాత్పర్యము.

మరియొక పరిశోధనము మన తెలుగువారికి మిక్కిలి ఆసక్తికరమైనది. 1984లో కెనడాయందు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు ఆంగ్లము మాటాడు ఇండ్ల శిశువులకు హిందీలోని ట, త యను ధ్వనులను వినిపించిరి. ఆరు మొదలు ఎనిమిది నెలల శిశువులలో ఎక్కువమంది ఆ భేదమును గుర్తించిరి. పది, పండ్రెండు నెలల వారిలో గుర్తించినవారు బహుకొద్దిమంది. వినుటకు అవసరము లేని భేదమును చెవి విడిచిపెట్టినదన్నమాట. మాట–మాత, కోట–కోత, పాట–పాత యను జంటలలో అర్థమంతయు ఈ ట–త భేదము మీదనే నిలిచియున్నది. మన బిడ్డ చెవి ఈ భేదమును నిలుపుకొనవలెనన్న తొలి యేటనే తెలుగును దండిగా వినవలెను. ‘మాటలు రాని బిడ్డతో మాటాడుట యెందులకు?’ అని యడుగు పెద్దలకు ఇంతకు మించిన సమాధానము లేదు.

ఇక ఆటలకు వత్తము. వీనికి పైకము అక్కరలేదు. రెండు మూడు నెలల బిడ్డకు ఊకొట్టు ఆట చాలును. బిడ్డ ‘ఊఁ’ యన్నపుడు మనమును ముఖమునకు ముఖము చేర్చి ‘ఊఁ’ యని, వెంటనే మరియొక మాట అనక, నాలుగైదు క్షణములు ఆగవలెను. ఆ మౌనమే బిడ్డకు వంతు ఇచ్చుట. సంభాషణము వంతులతో నడచునని బిడ్డ తొలుత నేర్చునది ఇచ్చటనే. 2003లో మైఖేల్ గోల్డ్‌స్టీన్ బృందము ఎనిమిది నెలల శిశువుల విషయమున దీనినే పరీక్షించినది. బిడ్డ పలికిన వెంటనే తల్లి నవ్వి, దగ్గరకు జరిగి, తాకినచో బిడ్డ పలుకులు అప్పటికప్పుడే మరింత స్పష్టమైనవి. తల్లి స్పందన బిడ్డ పలుకుతో పొంతన లేని వేళలలో వచ్చినపుడు ఆ ఫలము కలుగలేదు. ఎంత మాటాడితిమనునది గాక, ఎప్పుడు మాటాడితిమనునదియు ముఖ్యమే.

ఆరు నెలలు దాటిన బిడ్డతో పెదవుల ఆట ఆడవచ్చును. ఒడిలో ఎదురుగా కూర్చుండబెట్టుకొని మమమ, పపప, బబబ యనుట, పెదవులను అదరించి బుర్రుమనుట, నాలుకతో టక్కుమనుట బిడ్డకు పరమోల్లాసము. తొమ్మిదవ నెల వచ్చుసరికి ప్రాణుల ఆట తగును. ఇందులో వరుస ముఖ్యము. ముందుగా గోడపై వాలిన నిజమైన కాకిని చూపవలెను. పిదప ‘కాకి’ యని పేరు చెప్పవలెను. తరువాత ‘కావుకావు’ మనవలెను. పేరు లేక కూత మాత్రమే నేర్పినచో బిడ్డ చాల కాలము కాకిని కావుకావనియే పిలుచుచుండును. పిమ్మట ‘కాకి ఎట్ల అరుస్తది బిడ్డా?’ అని యడిగి ఆగవలెను. పల్లెలో బర్రె, లేగ, మేక, కోడి, పిల్లి వాకిటనే యుండును. పట్టణపు టింట నిర్మల కొయ్యబొమ్మలు తోడ్పడగలవు. పొణికి కర్రతో చెక్కి రంగులు దిద్దిన ఆ పిట్టలును పశువులును మన సీమ శిల్పుల చేతిపని. 2009లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే రంగుపూసిన బొమ్మను బిడ్డ నోట పెట్టనీయక, పెద్దలే చేత బట్టుకొని చూపుట మేలు.

ఏడాదిన్నర నిండిన బిడ్డకు వంటిల్లే పాఠశాల. పోపు చిటపటలాడును, అన్నము కుతకుత ఉడుకును, చెంబు నీటిలో బుడుంగున మునుగును, చీపురు బరబరమనును. పని జరుగుచుండగనే ఆ మాట పలికినచో ధ్వని, క్రియ, పదము మూడును ముడిపడిపోవును. దాగిన ధ్వని యను ఆట మరియొకటి: తలుపు చాటున గంటను గాని గిన్నెను గాని మ్రోగించి ‘ఏం చప్పుడది?’ అని యడుగుట. ఇది చెవికి పరీక్ష కూడ. ఇక పాటలో ఖాళీ విడుచుట ఒక ఆట. బతుకమ్మ పాటలలో ప్రతి చరణము తుదిని ఒకే మాట మరల మరల వచ్చుచుండును. చప్పట్ల తాళము నడచుచుండగా ఆ తుదిమాట వచ్చు చోట తల్లి ఆగినచో, చంకనున్న బిడ్డ దానిని పూరించుటకు ప్రయత్నించును. మొదట స్వరము మాత్రమే వచ్చును. కొన్ని దినములకు అక్షరము వచ్చును.

బిడ్డ కాకిని ‘తాతి’ యన్నను తప్పు పట్టరాదు, వెక్కిరింపరాదు. నాలుక వెనుకభాగముతో పలుకు క కారము కొందరు బిడ్డలకు ఆలస్యముగా పట్టువడును. ర కారము మరింత ఆలస్యము. ‘అవును, కాకి! కాకి వచ్చింది’ అని సరియైన రూపమును మన మాటలో మరల వినిపించిన చాలును. బిడ్డ ఒక మాట యన్నచో మనము రెండు మాటలనవలెను, రెండన్నచో మూడనవలెను. ‘అంబా’ యన్న బిడ్డతో ‘అంబా అంటుంది లేగ, పాలు కావాలంట’ యనుట ఇట్టిది. అనుకరణము మెట్టు గాని మేడ గాదు. దానిపై కాలూని పై మెట్టునకు పోవలెను.

ఇన్ని పనుల నడుమ తీరిక ఎచ్చటిదని తల్లులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. కరీంనగరము, జగిత్యాల, నిర్మల ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఇంటి యరుగున కూర్చుండి బీడీలు చుట్టుదురు. చేతులకు తీరిక లేదు, కన్నులకు తీరిక లేదు. కాని నోటికి కలదు. తునికాకును కత్తిరించు కత్తెర కచకచను, వీథిలో పోవు మేకల మేమేలను, మీద పడు చినుకుల టపటపను పలుకుచు బిడ్డను ప్రశ్నించుటకు చేతులతో పని లేదు. అయితే పొగాకు చేటకును దాని ధూళికిని బిడ్డను ఎడముగా నుంచుట మరువరాదు. సిరిసిల్ల మరమగ్గముల వాడలలో చిక్కు వేరు. ఆ చప్పుడులో పెద్దల మాటయే పెద్దలకు వినబడదు. బిడ్డకు ట, త భేదము వినబడుట యెట్లు? మగ్గము ఆగిన వేళనో, చప్పుడునకు దూరముగా వెనుక గదిలోనో దినమునకు కొంతసేపు బిడ్డతో మాటాడుట అచటి ఇండ్లకు అత్యవసరము.

తండ్రి గల్ఫు దేశములకు పోగా తల్లి వద్దనో, బాపమ్మ, తాతల వద్దనో పెరుగు పిల్లలు ఈ సీమలో పెక్కుమంది. దూరమున నున్న తండ్రి చరవాణిలో ముఖము చూపుచు ‘బిడ్డా, కోడి ఎట్ల కూస్తది?’ అని యడిగి, జవాబునకు ఆగి, నవ్వినచో అది ఆటయే, అందు వంతులున్నవి. అట్లుగాక బిడ్డ చేతికి చరవాణి నిచ్చి బొమ్మలాట పెట్టి విడుచుట వేరు. 2003లోనే పాట్రిషియా కూల్ బృందము దీనిని తేల్చినది. తొమ్మిది నెలల అమెరికా శిశువులు ఎదుట కూర్చున్న మనిషి నుండి చీనా భాషాధ్వనులను నేర్వగలిగిరి. అదే మనిషిని తెరపై చూపినపుడు నేర్వలేదు. రెండేండ్లు నిండని పిల్లలకు తెర ముందు కాలక్షేపము తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఇంటనున్న బాపమ్మ నోటికి సాటియైన యంత్రము లేదు.

ఇంటి భాషను గూర్చి ఒక మాట. ఆదిలాబాదు అడవి పల్లెలలో గోండీ, కొలామీ మాటాడు ఇండ్లు కలవు. అంగన్‌వాడీలోను, బడిలోను తెలుగు కావలెను గనుక ఇంటి భాషను మానవలెనని కొందరు తలంతురు. అది పొరపాటు. తల్లికి సహజమైన భాషలోనే ఆట పండును, వంతులు నడచును. ఒక భాషలో గట్టిపడిన చెవి రెండవ భాషకు అడ్డు రాదు. 1943లోనే మార్లవాయి గ్రామమున హైమెండార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసినది. గోండీలో వాచకములు తయారైనవి. ఆ దృష్టి నేటికిని ఆదర్శమే. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము వలన నేడు పల్లె పల్లెకు అంగన్‌వాడీ కలదు. అచట ఒక పక్షి కూతను ఒక్కొక్క బిడ్డ తన ఇంటి భాషలో పలికి వినిపించినచో, ఏ భాషకును చిన్నతనము కలుగక అందరి చెవులును విప్పారును.

తుదకు అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక. ఈ ఆటలు ఔషధము కావు. పుట్టిన ప్రతి వేయిమందిలో ఒకరి నుండి మువ్వురి వరకు వినికిడి లోపముతో పుట్టుదురని వైద్యుల అంచనా. చెవి వినని బిడ్డకు ఎంత ఆడించినను మాట రాదు. అట్టి బిడ్డయు తొలి నెలలలో ఊఁ, ఆఁ యని కూయును, నవ్వును, కంటితో అన్నియు గ్రహించును. కావుననే లోపము బయటపడదు. ‘మగపిల్లలకు మాట ఆలస్యము’, ‘వాని తాతకును ఆలస్యముగానే వచ్చినది’ అని పెద్దలు ఊరడించుచుండగా మూడేండ్లు గడచిపోవును; మరల రానిది ఆ కాలమే. పుట్టిన నెలలోపల చెవి పరీక్ష, అనుమానమున్న మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల చికిత్స ప్రారంభము కావలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

కావున తల్లిదండ్రులు ఈ గుర్తులను మనసున నుంచుకొనవలెను. వెనుక నుండి గట్టిగా పిలిచినను, గిన్నె పడినను బిడ్డ ఉలికిపడకున్నను, ఏడాది నిండినను బబబ, మమమ యను పలుకులు గాని, చేతితో చూపుట గాని లేకున్నను, పదునారు నెలలకు ఒక్క మాటయు రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు జోడింపకున్నను, వచ్చిన మాటలు ఏ వయస్సున నైనను పోయినను, వేచియుండక వైద్యుని చూపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టుచెవుడును, మాట ఆలస్యమును పరీక్షింపవలసిన లోపములలో చేర్చిరి. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఆశా కార్యకర్తను గాని అడిగినచో దారి చూపుదురు. చెవి మంచిదని తేలినచో తల్లికి నిశ్చింత. లోపమున్నదని తేలినను కాలము చేయి దాటలేదను ధైర్యము.

ఉదయమున నీళ్ళు పోయునపుడు, మధ్యాహ్నము బువ్వ పెట్టునపుడు, రాత్రి తొట్టెల నూపునపుడు తలా ఐదు నిమిషములు ఈ ఆటలకు చాలును. బిడ్డ అలసి మొగము త్రిప్పుకొన్న చోట ఆపవలెను. బలవంతపు కూత పాఠమగును గాని ఆట కాదు. ఒక ధ్వని, ఒక చూపు, ఒక్క క్షణము ఆగుట: ఈ మూడింటిని మరువక యున్నచో బిడ్డ తన వంతు తానే అందుకొనును.